చంద్రికల అంగడి అమ్మాయికి ఇచ్చిన చదువు అప్పు

2006వ సంవత్సరం, జూన్ నెల. నేను కర్ణాటకలోని చింతామణిలో ఒక బ్యాంకు శాఖలో అప్పుల విభాగం చూసేదాన్ని. పుట్టింది బాగేపల్లిలో, గుమాస్తాగా ఉద్యోగం మొదలైందీ అక్కడి శాఖలోనే. పెళ్ళయ్యాక చిక్కబళ్ళాపురంలో స్థిరపడ్డాం. ఆఫీసరుగా పదోన్నతి రాగానే చింతామణికి వేశారు. రోజూ పొద్దున బస్సెక్కి, శిడ్లఘట్ట మీదుగా, రోడ్డుకు రెండు వైపులా మల్బరీ తోటలు చూసుకుంటూ వచ్చేదాన్ని. అప్పటికి మాకంటూ వేరే జిల్లా ఏర్పడలేదు, అంతా కోలారు జిల్లానే. పట్టుగూళ్ళ మూటలతో ఎక్కిన రైతులు శిడ్లఘట్ట మార్కెట్టు దగ్గర దిగిపోయేవారు. వాళ్ళు దిగినా ఆ పచ్చి గూళ్ళ వాసన మాత్రం చింతామణి దాకా బస్సులోనే ఉండేది. కొత్తలో ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నాక, ఎప్పుడైనా ఆ దారిన పోతే కిటికీ తెరిచి పెట్టుకుంటాను.

మా శాఖ మొదటి అంతస్తులో ఉండేది, కింద విత్తనాల అంగడి. టమాట కాలంలో రోడ్డంతా లారీలతో నిండిపోయి, మెట్లు ఎక్కి వచ్చిన రైతులు ఆయాసం తీర్చుకొన్నాకే మాట్లాడేవారు. కంప్యూటర్లు అప్పుడప్పుడే వచ్చాయి. పెద్ద పుస్తకాలు ఇంకా బీరువాల మీద నుంచి దిగలేదు. నా బల్ల దగ్గరకు వచ్చేవి ఎక్కువగా పంట అప్పులు, ఆవుల అప్పులు, పట్టుదారం తీసే రీలింగ్ యూనిట్ల అప్పులు.

అప్పు ఇచ్చే ముందు అడిగినవారి స్థితినీ తీర్చే శక్తినీ అంచనా కట్టి రాసేదాన్ని మేము అప్రైజల్ అంటాం. ఆవుకు అప్పిస్తే ఆవును చూసి వస్తాం. తోటకిస్తే తోటలో నడుస్తాం. రీలింగ్ యూనిట్ అయితే పొయ్యిలు, బేసిన్లు కంటికి కనిపిస్తాయి. చదువు అప్పులో అలా చూసి వచ్చేది ఏమీ లేదు. రెండేళ్ళ తర్వాత ఎవరో, ఎక్కడో ఇస్తారనుకొనే జీతాన్ని నమ్మి ఇవాళ డబ్బు ఇవ్వాలి. అందుకే మా శాఖలో చదువు అప్పు కాగితాలంటే అందరూ నా బల్ల మీదికి జరిపేవారు. అప్పటిదాకా వచ్చినవి చాలావరకు ఇంజనీరింగ్ చదువులకే.

ఆ జూన్‌లో హేమావతి వచ్చింది. చింతామణిలోనే బీఎస్సీ చదివింది, లెక్కలూ స్టాటిస్టిక్సూ తీసుకొని. బెంగళూరులో ఒక కాలేజీలో ఎంబీఏ సీటు వచ్చిందని చెప్పింది. మామూలు ఎంబీఏ కాదు, క్వాంటిటేటివ్ మెథడ్స్ అనే విభాగం. అంటే వ్యాపారంలో నిర్ణయాలు ఊహ మీద కాకుండా అంకెల మీద ఆధారపడి తీసుకోవడం నేర్పే చదువు. నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఆమె కాలేజీ వాళ్ళ రంగుల పుస్తకం నా ముందు పెట్టింది. అందులో పోయిన ఏడాది విద్యార్థులకు వచ్చిన సగటు జీతం పెద్ద అక్షరాలతో వేసి ఉంది. నెలకు నలభై వేల పైమాట. ఆ రోజుల్లో నా జీతం కన్నా ఎక్కువ.

"ఇంత వస్తే నీకు అప్పు తీర్చడం కష్టమేమీ కాదమ్మా" అన్నాను.

"ఆ అంకెను నమ్మొద్దు మేడమ్" అంది హేమావతి.

అప్పు అడగడానికి వచ్చినవాళ్ళ నోట అలాంటి మాట నేను విని ఎరుగను.

"పోయిన బ్యాచ్‌లో ఇద్దరికి విదేశీ బ్యాంకుల్లో చానా పెద్ద జీతాలు వచ్చినాయంట. ఆ ఇద్దరినీ కలిపేసరికి సగటు పైకి పోయింది. నేను కాలేజీలో మీడియన్ ఎంత అని అడిగినా."

మీడియన్ అంటే ఏమిటో ఆమే చెప్పింది. అందరినీ జీతాల ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్య నిలబడే మనిషి జీతం.

"చెప్పారా?"

"ఇంతవరకు ఎవరూ అడగలేదు అన్నారు మేడమ్. ఇంక నేనే సీనియర్ల నంబర్లు పట్టుకొని ఫోన్లు చేసి వరస పెట్టుకున్నా. నడిమధ్య ఇరవై ఐదు వేలు ఉండాది. నేను దానికి కొంచెం కిందే ఉంటాననుకొని లెక్క వేస్తాండా. నాకు ఇంగ్లీషులో మాట్లాడేది అంత బాగా రాదు."

కాగితాలు ఇచ్చి, ఉమ్మడిగా అప్పు తీసుకొనే వ్యక్తిగా తండ్రి సంతకం కావాలి, ఆయన్ను తీసుకురమ్మని చెప్పి పంపాను. చాలా రోజులకు ఒక మంచి దరఖాస్తు చూశానన్న సంతోషంతో ఆ సాయంత్రం బస్సెక్కాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమె తండ్రి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, యాభై దాటిన మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అమ్మా, నేను చంద్రికల అంగడి వెంకటరవణప్పని. మా పాప నిన్న మీ దగ్గరకొచ్చింది కదా."

"వచ్చింది. తెలివైన పిల్ల. కూర్చోండి."

"కూర్చోనేకి రాలేదమ్మా. ఒక మాట చెప్పి పోదామని వచ్చినా. ఆ లోను కుదరదని మీరే చెప్పేయండి."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అప్పు ఇవ్వమని బతిమాలిన తండ్రులను ఎందరినో చూశాను. ఇవ్వొద్దని అడిగినవాడు ఈయన ఒక్కడే.

"ఎందుకు కుదరదని చెప్పమంటారు? సీటు వచ్చింది, మార్కులు ఉన్నాయి."

"బ్యాంకోళ్ళు కుదరదంటే ఎందుకని ఎవరూ అడగరమ్మా. అదే నేను వద్దంటే, మా నాయనే వద్దన్నాడు అని పాప మనసులో నిలిచిపోతాది."

"అప్పంటే భయమా మీకు?"

"అప్పు నాకు కొత్తా అమ్మా. వెదురు తెచ్చేకి అప్పు, బుట్టలల్లేవాళ్ళకి ముందే ఇచ్చేకి అప్పు. నా మీద ఎంతున్నా మోస్తా. పాప మీద మాత్రం వద్దు."

అంతకుమించి ఆయన ఏమీ చెప్పలేదు. నేనూ తవ్వి అడగలేదు. బ్యాంకులో అప్పు లేదని చెప్పడం చాలా తేలిక. కాగితం చాలదనొచ్చు, పై ఆఫీసు ఒప్పుకోలేదనొచ్చు. కానీ నడిమధ్య జీతాన్ని వెతుక్కొని వచ్చిన ఆ పిల్ల ముఖం చూసి ఆ మాట అనగలనని నాకు అనిపించలేదు.

"వెంకటరవణప్పా, లేని కారణం చెప్పి నేను కుదరదనలేను. ఉన్నదున్నట్టు లెక్క వేస్తాను. తీరేలా లేకపోతే నేనే వద్దంటాను, మీ పేరు బయటికి రాదు. తీరేలా ఉంటే మాత్రం ఇవ్వాల్సి వస్తుంది" అన్నాను.

ఆయన తువ్వాలు సర్దుకుంటూ కొంచెం నవ్వాడు. "లెక్క మీద వదిలితే పాపే గెలుస్తాదమ్మా. లెక్కల్లో దాన్ని గెలిచినోళ్ళు మా ఇంట్లో యాడుండారు" అని మెట్లు దిగిపోయాడు.

అప్పు ఇచ్చే ముందు ఇల్లూ వ్యాపారమూ చూసి రావాలన్నది నియమం. ఆ వారంలోనే వాళ్ళ అంగడికి వెళ్ళాను. పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో చంద్రిక అంటే తెలియనివారు ఉండరు. మంచమంత వెదురు తట్ట, దాని మీద గుండ్రంగా చుట్టుకుంటూ పోయిన వెదురు పట్టీ. పక్వానికి వచ్చిన పురుగులను దాని మీద వదిలితే ఆ చుట్ల మధ్య గూళ్ళు కట్టుకుంటాయి. వెంకటరవణప్ప వాటిని అమ్మేవాడు, బాడుగకూ ఇచ్చేవాడు. అంగడి ముందు చంద్రికలు గోడకు ఆనించి వరసగా నిలబెట్టి ఉన్నాయి. లోపల చీకటి, వెదురు వాసన. రోడ్డుకు అవతల కొత్తగా తెరిచిన అంగట్లో నీలంరంగు ప్లాస్టిక్ నేత్రికలు వేలాడుతున్నాయి. చంద్రిక చేసే పనే అవీ చేస్తాయి. మడిచిపెడితే బీరువాలో పడతాయి, కడిగితే శుభ్రమవుతాయి.

హేమావతి తల్లి రత్నమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను ఎదుటి అంగడి వైపు చూడటం గమనించినట్టుంది.

"ఇంతకు ముందు సీజన్ వస్తే మా అంగట్లో కాలు పెట్టేకి జాగా ఉండేది కాదమ్మా. ఇప్పుడు చూడండి, చంద్రికల మీద పిల్లులు పండుకుంటాండాయి" అంది.

వెంకటరవణప్ప భార్య మాటకు అడ్డు చెప్పలేదు. అమ్మకాలు, బాడుగలు, ఖర్చులు నేనడిగినవన్నీ దాచకుండా చెప్పాడు. అప్పు ఇవ్వొద్దన్న మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. కూతురు పక్కనే నిలబడి ఉంది మరి.

రెండు రోజులకు ఇద్దరినీ బ్యాంకుకు రమ్మన్నాను. చదువు అప్పులో ఆ రోజుల్లో నాలుగు లక్షల దాకా తాకట్టూ, వేరే వ్యక్తి జామీనూ అడిగేవాళ్ళం కాదు. దాటితే జామీను కావాలి, తమ వంతుగా కొంత సొమ్ము కూడా పెట్టాలి. ఫీజు, పుస్తకాలు, హాస్టలు అన్నీ కలిపితే హేమావతి లెక్క నాలుగు లక్షలు బాగా దాటింది.

ఆమె ఎదుటే మూడు రకాలుగా లెక్క వేద్దామన్నాను. కాలేజీ పుస్తకంలో ఉన్న జీతం వస్తే, నడిమధ్య జీతం వస్తే, అందులో సగమే వస్తే. నెలనెలా కట్టాల్సిన కంతును మేము ఈఎంఐ అంటాం, అసలూ వడ్డీ కలిసే ఉంటాయి. హాస్టలుతో కలిపి అప్పు తీసుకుంటే మూడో లెక్కలో కంతు పోగా తిండికి కూడా మిగలడం లేదు.

"హాస్టలు తీసేద్దాం" అన్నాను.

హేమావతి ముఖం చిన్నబోయింది. "అందరూ హాస్టల్లోనే ఉంటారు మేడమ్. సాయంత్రాలు కలిసి ప్రాజెక్టులు చేస్తారంట."

"ఉంటారమ్మా. హాస్టలు లేకపోతే నాలుగు లక్షల లోపల సరిపోతుంది. కంతు ఎనిమిది వేల దగ్గర ఆగుతుంది. నువ్వు అనుకున్నదానికన్నా తక్కువ జీతం వచ్చినా తట్టుకోగలవు."

ఆ పిల్ల కాసేపు కాగితం వైపు చూసి, తండ్రి వైపు తిరిగింది. "మొదటి బస్సు ఎన్ని గంటలకు నాయనా?"

"ఐదున్నరకు ఒకటి ఉండాది. హొసకోట మీద పోతాది. ఎనిమిదికంతా బెంగళూరులో వదుల్తాది" అన్నాడు వెంకటరవణప్ప. తడుముకోకుండా చెప్పాడు. అప్పు ఇవ్వొద్దని నన్ను అడిగిన మనిషి, బస్సు వేళలు కూడా విచారించి పెట్టుకొని ఉన్నాడు.

"ఒకవేళ అసలు ఉద్యోగమే రాకపోతే?" అన్నాను చివరగా. అది అప్రైజల్‌లో అడగాల్సిన ప్రశ్నే.

"ట్యూషన్లు చెప్తా మేడమ్" అంది హేమావతి. ఆ సమాధానం ఆమెకే చాలినట్టు లేదు. వెంకటరవణప్ప నేను చూపిన చోటల్లా సంతకం పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ పెన్ను కింద పెట్టి, మళ్ళీ తీసుకున్నాడు.

ఆ తర్వాతి రెండేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ మనసు తేలికవుతుంది. ప్రతి సెమిస్టరుకూ ఫీజు డీడీ నేరుగా కాలేజీ పేరున తీసి ఇచ్చేవాళ్ళం. అది తీసుకోవడానికి హేమావతి వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు నిద్ర చాలని కళ్ళతో ఉంది. తెల్లవారుజామున నాయన సైకిల్ మీద బస్టాండు దాకా దింపి, బస్సు కదిలేదాకా నిలబడతాడని చెప్పింది. కిటికీ పక్క సీటు దొరికితే హొసకోట దాకా చదువుకొని, అక్కణ్ణుంచి నిద్రపోతుందట. కండక్టర్లు ఆమెకు అలవాటైపోయి, దిగాల్సిన చోట లేపేవారట.

రెండో ఏడాది ఆమె ప్రాజెక్టుకు పట్టుగూళ్ళ ధరలను ఎంచుకుంది. శిడ్లఘట్ట మార్కెట్టులో కొన్నేళ్ళ ధరలు సంపాదించి, వచ్చే నెల ధర ఎంత ఉంటుందో ముందే చెప్పే లెక్క ఒకటి తయారు చేసింది. డీడీకి వచ్చిన రోజున ఎంతో ఉత్సాహంగా నాకు ఆ గీతలన్నీ చూపించింది. నెల తర్వాత మళ్ళీ కనిపిస్తే, "ఏమైందమ్మా నీ లెక్క?" అని అడిగాను.

"రేటు పెరుగుతాది అని వచ్చింది మేడమ్. తగ్గింది" అని నవ్వింది. "మా నాయన గూళ్ళు అమ్మే రైతులందరికీ చెప్పేసినాడు, రేటు పెరుగుతాది, రెండు దినాలు ఆగండి అని. ఇప్పుడు అంగడికి వచ్చినోళ్ళంతా నన్నే అడుగుతాండారు."

2008 మధ్యలో చదువు అయిపోయింది. అప్పటికి మాకు చిక్కబళ్ళాపురం జిల్లా కేంద్రమై, కొత్త ఆఫీసుల బోర్డులు లేచాయి. హేమావతికి కాలేజీలోనే ఒక ఉద్యోగం ఖాయమైంది. విదేశీ బ్యాంకులకు ఇక్కడి నుంచి లెక్కలు చేసిపెట్టే కంపెనీ. జీతం ఆమె అనుకున్న నడిమధ్యకు కొంచెం పైనే. మిఠాయి పొట్లం తెచ్చి శాఖలో అందరికీ పంచింది. కొన్ని నెలలు ఆగి చేరమన్నారు. ఆ ఆగిన నెలల్లోనే ప్రపంచమంతా బ్యాంకులు కూలిన వార్తలు మొదలయ్యాయి. చేరే తేదీ ఒకసారి వాయిదా పడింది, మరోసారి పడింది. ఆ తర్వాత, ఇప్పట్లో తీసుకోలేమని ఒక ఈమెయిల్ వచ్చింది. వేరే కంపెనీలు ఆ ఏడాది పిలవనే లేదు.

చదువు సాగినన్నాళ్ళూ, ఆపైన ఇంకో ఏడాదీ కంతులు కట్టనక్కర్లేదు. ఆ గడువును మొరటోరియం అంటాం. 2009లో అది ముగిసింది. నెలాఖరుకు కంతులు రాని ఖాతాల జాబితా కంప్యూటరులోంచి తీస్తే అందులో హేమావతి పేరు ఉంది. రూలు ప్రకారం నోటీసు పంపాలి. పంపే ముందు అంగడికి ఫోన్ చేశాను.

"రేపొస్తామమ్మా. పాపను కూడా పిల్చుకొని వస్తా" అన్నాడు వెంకటరవణప్ప.

ఇద్దరూ వచ్చారు. హేమావతిని చూసి గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. చిక్కిపోయింది. కుర్చీ అంచున కూర్చొని, తలెత్తకుండా చున్నీ కొస చుట్టుకుంటోంది. వెంకటరవణప్ప నడుముకున్న సంచిలోంచి నోట్లు తీసి నా ముందు పెట్టాడు. మొదటి కంతు.

"ఆ దుడ్డు వెదురు కొనేకి పెట్టింది మేడమ్" అంది హేమావతి.

అలాంటప్పుడు అందరూ చెప్పేవే నేనూ చెప్పాను. ఇది నీ ఒక్కదానికే వచ్చింది కాదు, ఊళ్ళకు ఊళ్ళే ఇలా ఉన్నాయి, రోజులు మారతాయి అన్నాను.

"కారణం నాకు తెలుసు మేడమ్. కారణం తెలిస్తే కంతు తీరదు కదా."

"ఇంట్లో ఏమైనా అంటున్నారా?"

"ఏమీ అనరు. మా నాయన ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు..." అని ఆగిపోయింది.

ఆ మాట వినగానే వెంకటరవణప్పలో ఏదో కదిలింది. అప్పటిదాకా నిలబడే ఉన్నవాడు కూతురి పక్క కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. నా వైపు చూస్తూ మొదలుపెట్టాడు కానీ, చెప్తున్నది ఆ పిల్లకే.

"నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మా నాయన ఒక రీలరు దగ్గర అప్పు తీసి, నన్ను బెంగళూరులో డిప్లొమాకి చేర్పిచ్చినాడమ్మా. నాకు తలకెక్కలేదు. రెండు తూర్లు ఫెయిలయి ఇంటికి వచ్చేసినా. మా నాయన ఒక్క మాట అనలేదు. వాడికి అన్నం పెట్టు అన్నాడు మాయమ్మతో. పక్క దినం అంగట్లో కూర్చోమన్నాడు. ఆ అప్పు ఎన్నేళ్ళు కట్టినాడో నాకు తెలీదు. అడిగేకి నోరు రాలేదు. చచ్చిపోయేదాకా ఆయప్ప ఆ మాటే ఎత్తలేదు. ఎంత మంచి నాయనప్పా అని ఊరంతా అన్నారు. నాకేమో ఒక్కసారి తిట్టింటే చాలు, ఏడ్చేసి తేలికైపోతాంటి అనిపిచ్చేది. తిట్టలేదు. ఆ అప్పు నా లోపలే నిలిచిపోయింది. ఇప్పటికీ ఉండాది."

ఈసారి కూతురి వైపు తిరిగి అన్నాడు. "అందుకే మూడేండ్ల కింద నేను ఈయమ్మ దగ్గరకొచ్చి, మా పాపకి లోను ఇయ్యొద్దని చెప్పినా."

హేమావతి తలెత్తింది. "నువ్వా నాయనా? ఇయ్యొద్దని చెప్పినావా?" అని, నా వైపు తిరిగింది. "మీరు నాకు చెప్పలేదు మేడమ్."

"అది మీ నాయన చెప్పాల్సిన మాటమ్మా" అన్నాను.

ఆమె కళ్ళల్లో కోపం కనిపించింది. ఎన్నో నెలలుగా ఆ ముఖంలో ఏ భావమూ లేదని తర్వాత రత్నమ్మ నాతో అంది. "రెండేండ్లు ఐదున్నర బస్సుకు పోయినా. దినామూ నువ్వే ఎక్కిచ్చినావు. లోపల ఇది పెట్టుకొనే ఎక్కిచ్చినావా?"

"పెట్టుకొనే ఎక్కిచ్చినా."

నోట్లు లెక్కపెట్టే యంత్రం పక్క కౌంటరులో గరగరమంటోంది. అది ఆగాక ఆయన కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇప్పుడు మా నాయన అననిది నేను అంటా, విను" అన్నాడు వెంకటరవణప్ప. "నాకు కోపం ఉండాది. వెదురు దుడ్డు తెచ్చి ఈడ కట్టేది నాకు ఇష్టం లేదు. నెలనెలా కట్టల్లంటే కష్టమైతాది, అది నీకు తెలియాల. నువ్వు గదిలో తలుపేసుకొని కూర్చుంటే ఇంకా కోపం వస్తాది. ఇదంతా నేను ఇంట్లో కూడా అంటా. నువ్వు చదివింది తప్పని మాత్రం ఎప్పుడూ అనను. అంతే. ఇంక నువ్వేమన్నా అనల్ల అంటే అను."

హేమావతి నోరు తెరిచింది. ఏదో గట్టిగా అనబోయింది. బయటికి వచ్చింది మాత్రం, "తిట్టేది కూడా ఇంత లెక్కగా తిడతారా నాయనా" అన్న మాట. అంటూనే ఏడ్చేసింది. ఆయన ఓదార్చలేదు, ఆపమనలేదు. తువ్వాలు చేతికిచ్చి పక్కనే కూర్చున్నాడు. నేను వెళ్ళి ఆ డబ్బు కౌంటరులో కట్టి, రసీదు రాయించుకొని, కొంచెం ఆలస్యంగానే తిరిగి వచ్చాను.

ఆ తర్వాత చేయాల్సింది నా పని. అప్పు తీర్చే గడువు పెంచి, కంతు తగ్గించడాన్ని రీషెడ్యూల్ చేయడం అంటాం. వడ్డీ మొత్తం మీద పెరుగుతుంది కానీ నెలనెలా బరువు తగ్గుతుంది. ఆ సంగతి ఇద్దరికీ దాచకుండా చెప్పాను. హేమావతి కళ్ళు తుడుచుకొని, పెరిగే వడ్డీ ఎంతో నాకన్నా ముందే చెప్పింది. పై ఆఫీసుకు రాశాను. రెండుసార్లు ప్రశ్నలు వేసి తిప్పి పంపారు. మూడోసారి ఒప్పుకున్నారు. ఎనిమిది వేల కంతు ఆరున్నర వేలకు దిగింది.

హేమావతి ఇంట్లో ట్యూషన్లు మొదలుపెట్టింది. రెండు నెలలకు చిక్కబళ్ళాపురంలో, పల్లెల్లో ఆడవాళ్ళ సంఘాలకు చిన్నచిన్న అప్పులిచ్చే ఒక సంస్థలో పని దొరికింది. జీతం పదకొండు వేలు. ఇంటి నుంచే రోజూ పోయి వచ్చేది. ఆమె చింతామణి నుంచి చిక్కబళ్ళాపురానికి, నేను అటు నుంచి ఇటు. కొన్ని రోజులు రెండు బస్సులూ శిడ్లఘట్ట బస్టాండులో పక్కపక్కన ఆగేవి. కిటికీల్లోంచి నాలుగు మాటలు అరుచుకునేవాళ్ళం. ఒక రోజు, "మేడమ్, జంగమకోటె దిక్కు ఇండ్లల్లో దుడ్డు వచ్చేది గూళ్ళు అమ్మిన వారంలోనే. మావాళ్ళు కంతు పెట్టింది నెల మొదట్లో. అందుకే ఆలస్యమైతాండాది" అని బస్సు కదిలేలోపల చెప్పేసింది. తర్వాత కంతు తేదీలను గూళ్ళ కాలానికి జరిపేలా వాళ్ళ సంస్థను ఒప్పించిందట. ధర ఎంత ఉంటుందో చెప్పలేకపోయిన ఆ పాత ప్రాజెక్టులో, గూళ్ళు ఎప్పుడు మార్కెట్టుకు వస్తాయన్నది మాత్రం సరిగ్గానే ఉందని నవ్వింది.

ఆ పని చూసే, రెండేళ్ళకు బెంగళూరులో ఒక బ్యాంకు, అప్పులు తీరతాయో తీరవో అంచనా వేసే విభాగంలోకి ఆమెను తీసుకుంది. ఒక రకంగా నా పనే, నాకన్నా పెద్ద కుర్చీలో. పెంచిన గడువుకన్నా ముందే అప్పు తీరిపోయింది. అప్పటికి నన్ను బాగేపల్లికి మార్చారు. తీరిన రోజు వెంకటరవణప్ప ఫోన్ చేశాడు. సంతోషం గురించి ఎక్కువ మాట్లాడలేదు. "ఎదురంగడోడితో పోటీకి నేను కూడా నేత్రికలు తెచ్చినానమ్మా. పాపే తెప్పిచ్చింది. వద్దంటే ఇంట్లో యుద్ధమే. ఇప్పుడు మా ఇంట్లో అందరూ అన్నీ గట్టిగా అరుచుకొని చెప్పుకుంటాండారు" అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్టే అన్నాడు, గొంతులో మాత్రం ఫిర్యాదు లేదు.

ఆ చదువుకు అంత అప్పు చేయవచ్చా అని ఎవరైనా అడిగితే, లెక్క ప్రకారం చేయవచ్చనే చెబుతాను. హేమావతి అనుకున్న జీతం ఆమె అనుకున్నదానికన్నా మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది, ఆ మూడేళ్ళను తట్టుకొనేంత చిన్నదిగా అప్పు ఉంది కాబట్టి తీరింది. హాస్టలు కలిపి తీసుకొని ఉంటే తీరేది కాదేమో. అప్పటినుంచి కాలేజీ పుస్తకాల్లోని సగటు జీతాన్ని నా అప్రైజల్‌లో ఎన్నడూ రాయలేదు. తక్కువ జీతంతో మొదలుపెట్టి లెక్క వేయడం నా కింద పనిచేసినవాళ్ళకూ నేర్పాను.

అయితే ఆ తండ్రీకూతుళ్ళ దగ్గర నేను నేర్చుకున్నది దరఖాస్తులో ఏ గడిలోనూ పట్టేది కాదు. తర్వాతి రోజుల్లో చదువు అప్పుకు ఎవరు వచ్చినా, సంతకాలకు ముందు ఇంటివాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగేదాన్ని. ఉద్యోగం రాకపోతే, ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు?

"వస్తుంది మేడమ్" అనేవారు దాదాపు అందరూ.

"వస్తుంది. రాకపోతే అని అడుగుతున్నాను" అనేదాన్ని.

అప్పుడు తండ్రీ బిడ్డా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. చాలామంది ఆ కాగితాలు పట్టుకొని ఎన్నో ఆఫీసులు తిరిగి ఉంటారు కానీ, అలా చూసుకోవడం అదే మొదటిసారని తెలిసిపోయేది. ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు విప్పేదాకా నేను పెన్ను మూత తీసేదాన్ని కాదు.